చిన్న స్నానాల గదికి ఎగ్జాస్టు ఫ్యాను: కొనేముందు గోడ చూడాలి

కోనసీమ పల్లెల్లో స్నానాల గది పెరట్లోంచి ఇంట్లోకి వచ్చి చాలాకాలమైంది. కువైట్, దుబాయి, మస్కట్ వెళ్లినవారు పంపిన డబ్బుతో కట్టిన డాబాలు, కొబ్బరి మీద వచ్చిన ఆదాయంతో కట్టినవి, ప్రభుత్వ సాయంతో లేచిన పక్కా ఇళ్లు, అన్నిటిలోనూ ఇప్పుడు పడకగదిని ఆనుకుని ఒక చిన్న స్నానాల గది కనిపిస్తోంది. గదికి చోటు దొరికినంత సులువుగా గాలికి దారి దొరకలేదు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, నెత్తిమీద అటక, కాకపోతే మెట్ల కింద మిగిలిన మూల. ఇదీ దాని స్వరూపం. వానాకాలం వచ్చేసరికి గోడల మీద నల్లటి బూజు, అడుగున ఉబ్బిపోయిన తలుపు, రెండు రోజులైనా ఆరని తువ్వాలు, లోపల కాలు పెట్టగానే ముక్కు మూసుకోవలసిన వాసన. దీనికి విరుగుడుగా ఇటీవల ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టిస్తున్నారు. పెట్టించినవారిలో కొందరు ఆర్నెల్లు తిరక్కుండానే దాని స్విచ్చి ముట్టుకోవడం మానేస్తున్నారు. వేస్తే చెవులు హోరెత్తుతున్నాయని ఒకరు, వేసినా వాసన పోవడంలేదని మరొకరు, వాన నీళ్లు లోపలికి కొడుతున్నాయని ఇంకొకరు చెప్పడం పరిపాటి అయింది. ఈ మూడు ఫిర్యాదులకూ కారణం కొనుగోలులోనూ, బిగింపులోనూ ఉంది.

అసలు ఈ ఫ్యాను అవసరం ఎందుకు పడిందో ముందు చెప్పుకోవాలి. పూర్వం పెరట్లో తాటాకు దడి కట్టి, మధ్యలో రాతిపలక వేసుకుని స్నానం చేసిన రోజుల్లో గాలికి కొదవ లేదు. అయితే ఆ దడి చాటున ఆడవారు పడిన ఇబ్బంది కూడా తక్కువ కాదు. చీకటి పడేదాకా ఆగడం, ఎవరైనా వస్తున్నారేమోనని చెవులు రిక్కించి స్నానం ముగించడం పెద్దవాళ్లందరికీ గుర్తున్న సంగతే. గది ఇంట్లోకి వచ్చాక ఆ బాధ తీరింది. ఆ భయం మాత్రం పూర్తిగా పోలేదు. అందుకే వెంటిలేటరు సందువైపు ఉంటే దానికి కాగితం అంటించేస్తారు, గోనెసంచి కుక్కేస్తారు, అద్దాలు శాశ్వతంగా మూసేస్తారు. పక్క మేడ మీద నుంచి కనిపిస్తుందేమోనన్న అనుమానం ఉన్న ఇంట్లో వెంటిలేటరు తెరిచి ఉంచమని చెప్పడం వృథా. రెక్కల మూత ఉన్న ఎగ్జాస్టు ఫ్యానుకు ఉన్న అసలు విలువ ఇక్కడే ఉంది. అది గాలిని పంపుతుంది, చూపును ఆపుతుంది. ఈ వస్తువు ఎక్కువగా ఇంట్లో ఆడవారికి పనికివచ్చేది. దుకాణానికి వెళ్లి ఎంచేది మాత్రం మగవారు, లేదా కరెంటు పనికి వచ్చిన కుర్రవాడు. ఎవరికి కావాలో వారిని అడగకపోవడంతోనే సగం తప్పు జరుగుతోంది.

అమలాపురంలోనో రావులపాలెంలోనో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి ఎగ్జాస్టు ఫ్యాను కావాలంటే, ఎక్కడికని అడగకుండా పన్నెండు అంగుళాల ఇనుప ఫ్యాను బల్లమీద పెట్టే వర్తకులు ఉన్నారు. అది వంటింటికి, హోటలుకు, గోదాముకు ఉద్దేశించిన సరుకు. గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా గాలి తోస్తుంది. పెద్దది కొంటే బాగా లాగుతుందన్న నమ్మకంతో కొనేవారు దానికే మొగ్గు చూపుతారు. అయిదడుగుల గదిలో దాన్ని వేస్తే మోత భరించలేరు. తలుపు బిగుసుకుని తెరవడం కష్టమవుతుంది. చలికాలం వేడినీళ్ల స్నానం చేస్తున్న ముసలివారికి వణుకు పుడుతుంది. మూడోరోజు నుంచి స్విచ్చి వేసేవారుండరు.

లెక్క కష్టమైనదేమీ కాదు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు గల గదిలో 270 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. అంటే సుమారు ఏడున్నర ఘనపు మీటర్లు. స్నానాల గదిలో గాలి గంటకు పదిసార్లు మారితే ఆవిరి, వాసన నిలవవు. అంటే గంటకు 75 ఘనపు మీటర్లు లాగితే చాలు. ఆరు అంగుళాల ఫ్యాను, పెట్టె మీద 150 మిల్లీమీటర్లు అని ఉండేది, కంపెనీని బట్టి గంటకు సుమారు 200 నుంచి 300 ఘనపు మీటర్లు లాగుతుందని రాసి ఉంటుంది. ఆ అంకె ఏ అడ్డూ లేని చోట కొలిచినది. మూత రెక్కలు, దోమల జల్లెడ, ఎదురుగాలి కలిసి అందులో సగం తిన్నా మిగిలింది మనకు సరిపోతుంది. గదికి అటక ఉండి ఎత్తు ఏడడుగులే అయితే ఇంకా తక్కువతో పని గడుస్తుంది. స్నానం, మరుగుదొడ్డి, బట్టలు ఉతికే మిషను ఒకే గదిలో ఉన్న పెద్ద ఇంటికి ఎనిమిది అంగుళాలది పెట్టుకోవచ్చు. అంతకు మించి పెద్దది పల్లెలో ఏ ఇంటి స్నానాల గదికీ అక్కరలేదు.

వాట్లు కూడా చూడాలి. ఆరు అంగుళాల ఫ్యాను సాధారణంగా 20 నుంచి 40 వాట్ల లోపు తింటుంది. 30 వాట్ల ఫ్యాను రోజుకు గంట తిరిగితే నెలకు ఒక్క యూనిట్ కూడా కాదు. కరెంటు బిల్లు పెరుగుతుందని స్నానం ముగిసిన మరుక్షణమే ఆపేసే పెద్దవారికి ఈ సంగతి చెప్పవలసి ఉంది. ఎందుకంటే ఆవిరి ఎక్కువగా ఉండేది స్నానం అయిన తర్వాతే. మరో పావుగంట, ఇరవై నిమిషాలు తిరిగితేనే గోడ ఆరుతుంది. లైటుకు, ఫ్యానుకు కలిపి ఒకే స్విచ్చి ఇస్తే మరచిపోవడం ఉండదని కరెంటు కుర్రవాళ్లు అంటారు. మరుగుదొడ్డి ఒక్కటే ఉన్న గదికి అది బాగానే ఉంటుంది. స్నానాల గదికి మాత్రం పనికిరాదు. లైటు ఆపగానే ఫ్యానూ ఆగిపోయి ఆవిరంతా లోపలే ఉండిపోతుంది. వేరే స్విచ్చి ఉండడమే మంచిది.

ఇనుమా, ప్లాస్టిక్కా అన్న ప్రశ్నకు ఈ జిల్లాలో జవాబు తేలికే. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఉప్పుగాలి తలుపు గడియలనే తినేస్తుంది. లోపలి నుంచి ఆవిరి, బయటి నుంచి ఉప్పు తగిలే చోట ఇనుప ఫ్యాను తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. మంచి ప్లాస్టిక్కు ఒళ్లు, రాగి తీగ చుట్టిన మోటారు, బాల్ బేరింగు ఉన్నది ఎంచుకోవాలి. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో చవక మోటార్లు గుర్రుమంటూ తిరగకుండా వేడెక్కుతాయి. కొనేటప్పుడు షాపులోనే బిగించి చూపించమనడంలో మొహమాటం అక్కరలేదు. ఆపినప్పుడు మూత రెక్కలు పూర్తిగా పడుతున్నాయో లేదో కూడా అక్కడే చూడాలి. రెక్కలు సగంలో నిలిచిపోతే వానజల్లు, బల్లులు, దోమలు ఆ దారినే లోపలికి వస్తాయి.

ఇంత చూసి మంచి ఫ్యాను తెచ్చినా, గోడ సరైనది కాకపోతే డబ్బు దండగే. ఫ్యాను వీపు ఆకాశం చూడాలి. మెట్ల కింద గదిలో ఫ్యాను పెట్టి హాల్లోకి వదిలిన ఇళ్లు ఉన్నాయి. వాసన ఒక గదిలోంచి మరో గదిలోకి మారిందే తప్ప ఇంట్లోంచి పోలేదు. అటక మీదకు వదిలితే అక్కడ దాచిన పరుపులు, బొంతలు, పెళ్లి పాత్రల అట్టపెట్టెలు చెమ్మ పట్టి పాడవుతాయి. గోడకు అవతల మూడడుగుల సందు, ఆ సందుకు అవతల పక్కింటి వంటింటి కిటికీ ఉంటే సంగతి పెద్దల దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఇటువంటి చోట ఫ్యానును కిటికీకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, పైకి జరిపితే ఇరుగుపొరుగు సఖ్యత నిలుస్తుంది.

బయటి గోడే లేని గదికి పైపు వేసి బయటకు తీసుకుపోవచ్చునని కొందరు మేస్త్రీలు సలహా ఇస్తారు. పైపు పొట్టిగా, తిన్నగా ఉంటే ఫరవాలేదు. రెండు మూడు మలుపులతో పది పన్నెండు అడుగుల పైపు వేసి దాని మూతికి మామూలు గోడ ఫ్యాను తగిలిస్తే గాలి కదలదు. రెక్కల ఫ్యాను గాలిని దగ్గరలోకి తోయగలదు గాని, పైపులో ఒత్తిడికి ఎదురు నిలవలేదు. అందుకోసం పైపు మధ్యలో బిగించే వేరే రకం ఫ్యాన్లు దొరుకుతాయి. ధర ఎక్కువ. ఇల్లు కట్టబోయేవారు ఆ ఖర్చు పెట్టుకునే బదులు, ప్లాను గీసేటప్పుడే స్నానాల గదికి ఒక వైపైనా బయటి గోడ ఉండేలా పట్టుబట్టడం నయం. వాస్తు చూసేవారిని నాలుగుసార్లు ఇంటికి పిలిపించుకునే యజమాని ఈ ఒక్క మాట మేస్త్రీని అడగడు.

కన్నం విషయంలో ఒక జాగ్రత్త చాలు. ముందు ఫ్యాను కొని, పెట్టె మీద ఉన్న కొలత చూసి ఆ తర్వాతే గోడ కొట్టాలి. ఆరు అంగుళాల ఫ్యానుకు కన్నం అంతకంటే కాస్త పెద్దదే కావాలి. తొమ్మిది అంగుళాల గోడలో ఫ్యాను వెనుక మిగిలే గూడును సిమెంటుతో నున్నగా చేసి, బయటివైపుకు వాలు పెట్టాలి. పైన చిన్న చూరు పలక వేస్తే తుపాను వానలకు కూడా నీరు లోపలికి రాదు. పాత వెంటిలేటరులో రెండు అద్దాలు తీసి అక్కడే ఫ్యాను బిగించడం చవకైన పద్ధతి. అప్పుడు మిగిలిన అద్దాల సందులు గట్టిగా మూసేయాలి. చాలా ఇళ్లలో వాటిని తెరిచే ఉంచుతున్నారు. బయటి గాలి పక్క సందులోంచి వచ్చి, అదే ఫ్యానులోంచి బయటకు పోతోంది. గదిలోని ఆవిరి మాత్రం ఉన్నచోటే ఉంటోంది.

గాలి పోవాలంటే గాలి రావాలి. ఈ చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఫ్యాను తలుపుకు ఎదుటి గోడ మీద, పైకప్పు దగ్గరగా ఉండాలి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉండాలి. కొత్తగా వస్తున్న ప్లాస్టిక్కు తలుపులు గడపకు అతుక్కునేలా బిగిస్తున్నారు. అటువంటి తలుపు అడుగుభాగంలో జాలీ ముక్క ఒకటి వేయించుకుంటే సరిపోతుంది. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కరలేదు. తలుపు వేసి ఫ్యాను తిప్పి, తలుపు కింద అగరువత్తి పెట్టి చూస్తే పొగ లోపలికి వంగాలి. ఆ పొగ గది అడ్డంగా ప్రయాణించి ఫ్యానులోకి చేరాలి.

వాసన పోవడంలేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం గచ్చులో ఉంటుంది. నీళ్లు పోయే తూము కింద, మరుగుదొడ్డి బేసిను కింద వంపులో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. సెప్టిక్ ట్యాంకు గాలిని అడ్డుకునేది ఆ నీరే. వాడకంలేని రెండో స్నానాల గదిలో ఆ నీరు ఎండిపోతుంది. కొన్ని ఇళ్లలో మేస్త్రీ వంపే పెట్టకుండా తిన్నగా పైపు కలిపేస్తాడు. తలుపు బిగించి, ఫ్యాను వేస్తే అది ఎక్కడ సందు దొరికితే అక్కడి గాలి లాగుతుంది. తూము నోరు తెరిచి ఉంటే ట్యాంకు గాలినే గదిలోకి తెస్తుంది. ఫ్యాను వేశాక వాసన పెరిగిందని చెప్పేవారి మాట అబద్ధం కాదు. వారు మార్చవలసింది తూము.

ఇక కరెంటు. తడి ఒళ్లు, తడి గచ్చు, తడి గోడ ఉన్న చోట పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. స్విచ్చి గది బయటే ఉండాలి. ఫ్యాను చేతికి, చెంబుతో పోసుకునే నీటికి అందనంత ఎత్తులో ఉండాలి. పెట్టె మీద ఐపీ ఎక్స్ 4 అని ఉంటే చిందిన నీటికి తట్టుకుంటుందని అర్థం. కోనసీమలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఎర్తు గొయ్యి బాగా పనిచేస్తుంది. కాని గొయ్యి తవ్విన ఇళ్లలోనూ మూడో తీగ బోర్డు వెనుక ఎక్కడా కలపకుండా వదిలేసినవి ఉన్నాయి. గీజరుకు గాని, ఇనుప ఫ్యానుకు గాని ఎర్తు తప్పదు. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టిస్తే, కరెంటు మనిషి ఒంట్లోంచి నేలలోకి పోవడం మొదలుకాగానే సరఫరా తెగిపోతుంది. దాని మీద పరీక్ష మీట ఉంటుంది. నెలకొకసారి అది నొక్కి చూడాలి. మార్బులు గచ్చుకు లక్షలు పెట్టిన ఇంట్లో కూడా ఇది లేకపోవడం విచారకరం. బక్కెట్టులో హీటరు కడ్డీ పెట్టి, అది తీయకుండానే నీళ్లు వేడెక్కాయా అని వేలు ముంచి చూసే అలవాటు ఇంకా పోలేదు. దానికి ఏ ఫ్యానూ అడ్డు రాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది గ్యాసు గీజరు. కరెంటు ఖర్చు ఉండదని, క్షణంలో వేడినీళ్లు వస్తాయని వీటిని పల్లెల్లో కూడా పెడుతున్నారు. పెరట్లో కొబ్బరి డొక్కలతో రాగి బాయిలరు వెలిగించే ఓపిక కొత్తతరానికి లేదు. అందులో తప్పు పట్టవలసిందీ లేదు. అయితే ఈ గీజరును చాలాచోట్ల స్నానాల గది లోపలి గోడకే తగిలిస్తున్నారు. మంట గదిలోని ఆక్సిజన్‌ను తింటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాసు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకునే చోటును అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానం చేస్తున్న మనిషికి తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, కేక వేసే లోపలే కూలబడిపోతారు. బయట నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇంట్లోవారు ఇంకా స్నానం చేస్తున్నారనే అనుకుంటారు. ఇటువంటి మరణాల వార్తలు దేశంలో ఏదో ఒక మూల నుంచి చలికాలంలో వస్తూనే ఉన్నాయి.

ఎగ్జాస్టు ఫ్యాను ఉంది కదా, లోపల పెట్టుకోవచ్చునని చెప్పే అమ్మకందారు మాట వినకూడదు. మంట వెలిగించే నిప్పురవ్వ ఆ గీజర్లలో బ్యాటరీలతో వస్తుంది. స్నానం మధ్యలో కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది, మంట ఆగదు. పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో అమ్మకందారుకు తెలియని విషయం కాదు. ఫ్యాను వేయడం మరచిపోయినా అంతే. గీజరు, సిలిండరు రెండూ బయటి గోడకు, నాలుగు వైపులా గాలి ఆడే చోట ఉండాలి. లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే రావాలి. ఇప్పటికే లోపల ఉన్నవారు దాన్ని బయటకు మార్పించేదాకా తలుపు బయట బక్కెట్టు నింపుకుని, గీజరు ఆపేసి, తర్వాత లోపలికి వెళ్లి గడియ పెట్టుకోవడం మేలు. పిల్లలు, వృద్ధులు వాడే గదికి బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాలి. ఎవరైనా లోపల పలకకపోతే తలుపు తీసి, గ్యాసు కట్టి, మనిషిని ఆరుబయటకు చేర్చి 108కి ఫోను చేయాలి.

ఫ్యాను కొనే స్తోమత లేనివారు చిన్నబోవలసిన పని లేదు. స్వచ్ఛ భారత్ కింద 2014 తర్వాత 12 వేల రూపాయల సాయంతో కట్టిన మరుగుదొడ్లకు ఎగ్జాస్టు ఫ్యాను అవసరమే లేదు. పైకప్పు కింద ఎదురెదురు గోడల్లో రెండు సిమెంటు జాలీలు ఉంటే గాలి దానంతట అదే ఆడుతుంది. ఆ జాలీలు కూడా పెట్టని చోట పెట్టించడానికి అయ్యే ఖర్చు ఫ్యాను ఖరీదు కంటె తక్కువే. తలెత్తి చూసినా బయటివారికి కనిపించనంత ఎత్తులో, పలకలు ఏటవాలుగా ఉన్న జాలీ దొరుకుతుంది. సొంత ఇల్లు కట్టేవారి ప్లాను మంజూరు చేసేటప్పుడు పంచాయతీ వారు రోడ్డు వైపు ఎన్ని అడుగులు వదిలారని చూస్తున్నారు. స్నానాల గది గాలి ఎటు పోతుందని కూడా ఒక్కసారి చూస్తే ఎవరి సొమ్మూ పోదు.

పెట్టించిన ఫ్యానుకు చాకిరీ పెద్దగా ఉండదు. దుమ్ము, సబ్బు జిడ్డు, నూలు పోగులు చేరి రెక్కలు బరువెక్కితే మోత పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. సంక్రాంతికి వెల్ల వేసేటప్పుడు ఒకసారి, వానలకు ముందు ఒకసారి మెయిను ఆపి, మూత తీసి, తడి గుడ్డతో తుడిస్తే చాలు. మోటారు మీద నీళ్లు పోయకూడదు. కొన్నాళ్లు తిప్పకుండా వదిలేసిన ఫ్యానులో పిచ్చుకలు గూడు పెడతాయి. గడ్డిపోచలు కనిపిస్తే స్విచ్చి వేయకుండా ముందు స్టూలు వేసుకుని గుడ్లు ఉన్నాయేమో చూడాలి. ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ నెల రోజులు తలుపు తెరిచి పెట్టుకుని సర్దుకోవలసిందే.